నవాబ్ అన్వరుద్దీన్ ఖాన్: శ్రీకాకుళం ఫౌజ్దారీ నుంచి అంబూరు యుద్ధభూమి దాకా

శ్రీకాకుళం పట్టణంలోని జామియా మసీదులో నమాజు చేసి బయటకు వచ్చినప్పుడల్లా మా మనసులో ఒక ప్రశ్న మెదులుతూ ఉంటుంది. ఈ మసీదును 1641లో గోల్కొండ కుతుబ్‌షాహీల తరఫున ఇక్కడ ఫౌజ్దారుగా ఉన్న షేర్ ముహమ్మద్ ఖాన్ కట్టించారు. ఆ రోజుల్లో యూరపు వారు ఈ తీరానికి బట్టలు కొనుక్కోవడానికి వచ్చే వర్తకులు మాత్రమే. సరిగ్గా 125 సంవత్సరాలు గడిచేసరికి, అంటే 1766 నాటికి, శ్రీకాకుళం సర్కారు మొత్తం ఆ వర్తకుల కంపెనీ చేతుల్లోకి వెళ్లిపోయింది. వేల మైళ్ల దూరం నుంచి ఓడల్లో వచ్చిన కొద్దిమంది మనుషులు ఇంత పెద్ద దేశానికి యజమానులు ఎలా కాగలిగారు?

మా దగ్గర చదువుకునే పిల్లలు కూడా ఇదే అడుగుతుంటారు. వాళ్ల దగ్గర ఫిరంగులున్నాయి, వాళ్లు మోసం చేశారు అని మనం సులువుగా జవాబు చెప్పేస్తాం. అది అబద్ధం కాదు. కానీ అది సగం జవాబే. మిగిలిన సగం మన ఇంట్లోనే ఉంది. ఆ సగాన్ని అర్థం చేసుకోవడానికి ఒకప్పుడు మన శ్రీకాకుళం సర్కారును పాలించి, తర్వాత ఆర్కాటు నవాబుగా యుద్ధభూమిలో ప్రాణాలు విడిచిన అన్వరుద్దీన్ ఖాన్ గారి జీవితాన్ని ఈ నెల పాఠకుల ముందుంచుతున్నాము.

పుట్టుక, తొలి కొలువులు

అన్వరుద్దీన్ ఖాన్ 1672 ప్రాంతంలో ఉత్తర భారతంలోని అవధ్‌లో, గోపామవూ అనే పట్టణంలో జన్మించారు. నేడు అది ఉత్తరప్రదేశ్‌లోని హర్దోయీ జిల్లాలో ఉంది. ఆయన తండ్రి హజ్ చేసి వచ్చిన విద్యావంతుడు. ఆస్తి వల్ల కాదు, తండ్రి చదువు వల్లనే ఆ కుటుంబానికి ఔరంగజేబు కొలువులో చోటు దొరికింది. ఇల్మ్ ఒక కుటుంబాన్ని ఎంత దూరం తీసుకుపోగలదో చెప్పడానికి ఇది చక్కని ఉదాహరణ.

కుమారునికి కూడా మొఘల్ ప్రభుత్వంలో ఉద్యోగాలు లభించాయి. అయితే ఆయన తొలి రోజులు సుఖంగా గడవలేదు. కోరా జహానాబాద్‌లో పనిచేసినప్పుడు సర్కారుకు కట్టవలసిన శిస్తు కట్టలేక ఆ కొలువు వదులుకోవలసి వచ్చిందని చరిత్రకారులు వ్రాశారు. ఆ తర్వాత ఆయన గుజరాత్ వెళ్లి, సూరత్‌లో కొంతకాలం పనిచేశారు. సూరత్ అంటే ఆ రోజుల్లో హజ్ యాత్రికులు ఓడ ఎక్కే రేవు. ఇంగ్లీషు, డచ్చి వర్తకుల గిడ్డంగులు కూడా అక్కడే ఉండేవి. ఆ విధంగా ఈ విదేశీ వర్తకులను దగ్గర నుంచి చూసే అవకాశం ఆయనకు ముందుగానే కలిగింది.

శ్రీకాకుళం సర్కారులో

1724లో షకర్ ఖేడా యుద్ధంలో గెలిచి నిజాముల్ ముల్క్ ఆసఫ్ జాహ్ దక్కనుకు అధిపతి అయ్యారు. తీరాంధ్ర సర్కార్ల మీద గట్టి పట్టు కావాలనుకున్న నిజాం, తమకు నమ్మకస్తుడైన అన్వరుద్దీన్ ఖాన్‌ను ఇక్కడికి పంపారు. 1725 ప్రాంతం నుంచి సుమారు 15 సంవత్సరాల పాటు శ్రీకాకుళం, రాజమహేంద్రవరం వైపు వ్యవహారాలు ఆయన చేతిలో ఉన్నాయి.

శ్రీకాకుళం సర్కారు అంటే నేటి ఒక్క జిల్లా కాదు. ఇచ్ఛాపురం, కాశింకోట, శ్రీకాకుళం అనే మూడు భాగాలతో, గంజాం మొదలుకొని విశాఖకు దక్షిణం దాకా విస్తరించిన ప్రాంతం అది. ఉర్దూ, ఫార్సీ రాతల్లో దీని పేరు సికాకోల్. ఇంగ్లీషువారి నోట అదే చికాకోల్ అయ్యింది. ఫౌజ్దారు అంటే సైన్యాధికారి మాత్రమే కాదు. జమీందార్ల నుంచి పేష్కష్ రాబట్టాలి, బాటలు దొంగల బారిన పడకుండా చూడాలి, తగాదాలు ముదిరితే మధ్యవర్తిత్వం చేయాలి, హైదరాబాదుకు సొమ్ము పంపాలి. పైన కొండలు, కింద సముద్రం, మధ్యలో తమ కోటల్లో బలంగా కూర్చున్న జమీందారులు. విజయనగరంలో పూసపాటి వారి కోట 1713లోనే లేచింది. బొబ్బిలిలో రావు వారు ఉన్నారు. వీరి మధ్య పొరుగు పోరు అప్పటికే రాజుకుంటూ ఉంది. అలాంటి చోట 15 సంవత్సరాలు నెట్టుకురావడం మామూలు విషయం కాదు.

ఇక తీరం వెంబడి యూరపు వారి కోఠీలు ఉండేవి. భీమునిపట్నంలో డచ్చివారు, విశాఖపట్నంలో 1682 నుంచి ఇంగ్లీషువారు స్థిరపడ్డారు. భీమునిపట్నంలో డచ్చివారి సమాధులు నేటికీ కనిపిస్తాయి. వారికి కావలసింది మన నేతగాళ్ల బట్ట. శ్రీకాకుళం పేరుతో పలికే సన్నని మస్లిను దూరదేశాల బజార్లలో అమ్ముడుపోయేది. మన తీరపు బట్టలను డచ్చివారు నేటి ఇండోనేషియా దీవులకు తీసుకుపోయి, వాటికి బదులు మిరియాలు, లవంగాలు, జాజికాయ తెచ్చుకునేవారు. ఈ కోఠీలవారు ఫౌజ్దారు దర్బారుకు కానుకలతో వచ్చి నిలబడేవారు. ఫౌజ్దారును కాదని వారి వ్యాపారం సాగేది కాదు. 1689లో మొఘల్ సైనికులు విశాఖ కోఠీని పట్టుకున్నప్పుడు వారు ఏమీ చేయలేకపోయారు. అంటే అప్పటికి బలం ఎవరి దగ్గర ఉందో స్పష్టమే కదా! మరి ఆ బలం ఎప్పుడు, ఎక్కడ జారిపోయింది?

ఆర్కాటు పిలుపు

జవాబు కోసం మనం ఇక్కడి నుంచి దక్షిణానికి, ఆర్కాటుకు వెళ్లాలి. నేటి తమిళనాడు ఉత్తర భాగం, నెల్లూరు, చిత్తూరు ప్రాంతాలు కలిసిన రాజ్యాన్ని అప్పట్లో కర్ణాటక అనేవారు. దాని రాజధాని ఆర్కాటు. 1740 మే నెలలో చిత్తూరు ప్రాంతంలోని దామలచెరువు కనుమ దగ్గర మరాఠాలతో జరిగిన యుద్ధంలో నవాబు దోస్త్ అలీ ఖాన్ మరణించారు. మరుసటి సంవత్సరం ఆయన అల్లుడు చందా సాహెబ్‌ను మరాఠాలు తిరుచిరాపల్లిలో బంధించి సాతారాకు తీసుకుపోయారు. 1742లో దోస్త్ అలీ కుమారుడు సఫ్దర్ అలీని వేలూరులో హత్య చేశారు. చంపించింది పరాయివాడు కాదు, ఆయన సొంత బావ ముర్తజా అలీ.

రాజ్యం చెల్లాచెదురు అవుతుండటంతో 1743లో నిజాం స్వయంగా పెద్ద సైన్యంతో ఆర్కాటు వచ్చారు. మొదట ఖ్వాజా అబ్దుల్లా ఖాన్‌ను నవాబుగా నియమిస్తే ఆయన బాధ్యతలు చేపట్టకముందే మరణించారు. అప్పుడు నిజాం దృష్టి అన్వరుద్దీన్ ఖాన్ మీద పడింది. అప్పటికి ఆయన వయసు 70 దాటింది. హత్యకు గురైన సఫ్దర్ అలీ కుమారుడు ఇంకా చిన్నపిల్లవాడు. ఆ పిల్లవాడు పెద్దయ్యే వరకు సంరక్షకుడిగా ఉండి రాజ్యం చూడమని నిజాం ఆయనకు అప్పగించారు.

ఇక్కడ ఒక చేదు నిజాన్ని దాచకుండా చెప్పుకోవాలి. 1744లో ఆర్కాటులో జరిగిన ఒక పెళ్లి వేడుకలో ఆ పిల్లవాణ్ణి కొందరు పఠాను సైనికులు పొడిచి చంపారు. చేయించింది ముర్తజా అలీ అని కొందరు, సంరక్షకుడే అని కొందరు అనుమానించారు. అన్వరుద్దీన్ ఖాన్ తమకు ఏ సంబంధమూ లేదన్నారు. నిజాం దానిని అంగీకరించి, ఆయననే పూర్తి నవాబుగా ప్రకటించారు. కానీ జనం మనసులో అనుమానం మిగిలిపోయింది. పాత వంశం మీద అభిమానం ఉన్నవాళ్లు ఈ కొత్త నవాబును తమవాడిగా ఎన్నడూ అనుకోలేదు. అమానతు చేతిలో ఉండగా దానికి నష్టం జరిగితే, తప్పు ఎవరిదైనా మచ్చ మాత్రం కాపలాదారుకు అంటుకుంటుంది. నవాబు ఆ మచ్చతోనే మిగిలిన 5 సంవత్సరాలు పాలించవలసి వచ్చింది.

పరాయి తగాదా, మన నేల

ఇదే సమయానికి యూరపులో ఆస్ట్రియా సింహాసనం ఎవరిదనే తగాదా పెద్ద యుద్ధంగా మారింది. 1744లో ఇంగ్లండు, ఫ్రాన్సు ఒకదాని మీద ఒకటి యుద్ధం ప్రకటించుకున్నాయి. ఎక్కడి ఆస్ట్రియా, ఎక్కడి ఆర్కాటు! కానీ మద్రాసులో ఇంగ్లీషువారు, పాండిచ్చేరిలో ఫ్రెంచివారు ఉన్నారు. రెండు చోట్లా కోటలున్నాయి, ఓడలున్నాయి.

నవాబు అన్వరుద్దీన్ ఖాన్ ఈ విషయంలో సరిగానే ఆలోచించారు. ఈ నేల నాది, మీరు వర్తకులు, నా నేల మీద మీరు యుద్ధం చేయడానికి వీల్లేదని ఆయన ఉద్దేశం. 1745లో ఇంగ్లీషు నౌకాదళం బలంగా ఉన్నప్పుడు ఫ్రెంచి గవర్నరు డూప్లే నవాబును ఆశ్రయించాడు. నవాబు ఇంగ్లీషువారిని వారించారు. వారు ఆగిపోయారు. మరుసటి సంవత్సరం తూకం మారింది. మారిషస్ దీవి నుంచి లా బుర్దొనే అనే అధికారి ఫ్రెంచి ఓడలతో వచ్చి 1746 సెప్టెంబరులో మద్రాసును ముట్టడించాడు. ఈసారి ఇంగ్లీషువారు నవాబును ఆశ్రయించారు. నవాబు ఫ్రెంచివారిని వారించారు. డూప్లే మాత్రం ఆగలేదు. మద్రాసును పట్టుకున్న తర్వాత మీకే అప్పగిస్తానని నవాబుకు మాట ఇచ్చాడు. పట్టణం చేతికి వచ్చాక మాట తప్పాడు.

నవాబు తమ పెద్ద కుమారుడు మహ్‌ఫూజ్ ఖాన్‌ను సుమారు 10,000 మంది సైన్యంతో పంపారు. 1746 నవంబరు మొదటి వారంలో శాంథోం దగ్గర, అడయారు నది ఒడ్డున పారడీ అనే అధికారి నడిపిన చిన్న ఫ్రెంచి దళం ఆ సైన్యాన్ని ఎదుర్కొంది. ఆ దళంలో ఉన్నది వెయ్యిమందికి అటూ ఇటుగా మాత్రమే. వారు నది దాటి, వరుసగా నిలబడి, తుపాకులు పేల్చుతూ ముందుకు వచ్చారు. నవాబు సైన్యం చెల్లాచెదురైపోయింది.

ఈ యుద్ధాన్ని పాఠ్యపుస్తకాలు యూరపు వారి క్రమశిక్షణకు గుర్తుగా చెబుతాయి. నిజమే, జీతం సక్రమంగా అందే, రోజూ కవాతు చేసే సైన్యానికీ, జీతాలు నెలల తరబడి బాకీ పడే సైన్యానికీ మధ్య తేడా అక్కడ బయటపడింది. కానీ మనం గమనించవలసిన మరో విషయం ఉంది. ఆ చిన్న దళంలో కూడా ఎక్కువమంది ఫ్రాన్సు నుంచి వచ్చినవారు కాదు, ఈ దేశపు సిపాయిలే. మనుషులు మనవాళ్లే, జీతం, ఆజ్ఞ మాత్రం వాళ్లవి. వలస రాజ్యం అనే యంత్రం ఎలా నడుస్తుందో అడయారు ఒడ్డున మొదటిసారి అందరూ చూశారు.

1748లో యూరపులో సంధి కుదిరింది. ఉత్తర అమెరికాలో, నేటి కెనడా తీరంలో ఇంగ్లీషువారు పట్టుకున్న లూయీబర్గ్ అనే కోటను ఫ్రెంచివారికి ఇచ్చి, అందుకు బదులుగా మద్రాసును ఇంగ్లీషువారు తీసుకున్నారు. మద్రాసు ఎవరి రాజ్యంలో ఉందో ఆ నవాబును ఎవరూ అడగలేదు. సంతలో రెండు ఎడ్లను మార్చుకున్నట్లు ప్రపంచానికి ఈ మూల ఉన్న ఊరిని ఆ మూల ఉన్న కోటతో మార్చుకున్నారు.

అంబూరు

అదే 1748 జూన్ 1న బుర్హాన్‌పూర్‌లో నిజాముల్ ముల్క్ మరణించారు. ఆయన కుమారుడు నాసిర్ జంగ్‌కూ, కుమార్తె కుమారుడు ముజఫ్ఫర్ జంగ్‌కూ మధ్య వారసత్వ పోరు మొదలైంది. మేనమామ ఒకవైపు, మేనల్లుడు మరొకవైపు. సరిగ్గా అప్పుడే చందా సాహెబ్ సాతారా చెర నుంచి విడుదలై వచ్చాడు. ఆయన కుటుంబం అన్నేళ్లూ పాండిచ్చేరిలో డూప్లే నీడన ఉంది. ముజఫ్ఫర్ జంగ్‌కు దక్కను కావాలి, చందా సాహెబ్‌కు ఆర్కాటు కావాలి. ఇద్దరూ చేతులు కలిపి ఫ్రెంచివారి సాయం కోరారు. డూప్లే సుమారు 400 మంది యూరపు సైనికులను, 2,000 వరకు సిపాయిలను ఇచ్చాడు. ఫ్రెంచివారు ఈసారి కోట గోడలు దూకి రాలేదు. పిలిస్తే తలుపులోంచి వచ్చారు.

వృద్ధుడైన అన్వరుద్దీన్ ఖాన్ వేలూరుకు పడమరగా ఉన్న అంబూరు కనుమ దగ్గర దారికి అడ్డంగా కందకాలు తవ్వించి, సైన్యంతో నిలిచారు. 1749 ఆగస్టు 3న యుద్ధం జరిగింది. ఫ్రెంచి దళం రెండుసార్లు దాడి చేసి వెనక్కి తగ్గింది. దాని నాయకుడు దొతెయ్ గాయపడ్డాడు. మూడోసారి బుస్సీ అనే యువ అధికారి ముందుండి నడిపించాడు. కందకం దాటారు. నవాబు సైన్యంలో కొందరు పారిపోయారు. నవాబు పారిపోలేదు. ఏనుగు మీద కూర్చుని, ఎదురుగా కనిపించిన చందా సాహెబ్ ఏనుగు వైపు తమ ఏనుగును తోలించారు. ఆ క్షణంలో ఒక తుపాకీ గుండు గుండెకు తగిలి ఆయన నేలకొరిగారు. ఇన్నా లిల్లాహి వ ఇన్నా ఇలైహి రాజివూన్.

ఆ గుండు పేల్చింది ఫ్రెంచివారి కొలువులో ఉన్న ఒక ఆఫ్రికా సైనికుడని చరిత్రకారులు వ్రాశారు. గోపామవూలో పుట్టిన వృద్ధుణ్ణి తమిళ నేల మీద, హైదరాబాదు సింహాసనపు తగాదాలో, ఫ్రాన్సు తరఫున, ఆఫ్రికాలో పుట్టిన ఒక పేదవాడు చంపాడు. చంపినవాడికీ చనిపోయినవాడికీ మధ్య ఏ పగా లేదు. ఒక ఇంగ్లీషు చరిత్రకారుడు నవాబుకు అప్పుడు 107 సంవత్సరాలని వ్రాశాడు. అది అతిశయోక్తి. 77 ప్రాంతంలో ఉండవచ్చు. ఆయన కుమారుని ఆస్థానంలో వ్రాసిన ఫార్సీ చరిత్ర తుజుకె వాలాజాహీ ఆయనను షహీదుగా పేర్కొంటుంది. అది కుమారుని కోసం వ్రాసిన గ్రంథం కనుక అందులో పొగడ్త పాలు ఎక్కువని మరచిపోకూడదు. ఇరువైపులా కలిమా చదివేవారే ఉన్న ఆ యుద్ధం గురించి అంతిమ తీర్పు అల్లాహ్‌దే. మనం చెప్పగలిగింది ఒక్కటే: ఆ వయసులో కూడా ఆయన తాము నిలబడిన చోటు వదలలేదు.

ఆ నిప్పు మన ఊరికి చేరింది

ఇప్పుడు కథ తిరిగి శ్రీకాకుళానికి వస్తుంది. అంబూరు తర్వాత నాసిర్ జంగ్ 1750 డిసెంబరులో, ముజఫ్ఫర్ జంగ్ 1751 ఫిబ్రవరిలో హతులయ్యారు. మేనమామ, మేనల్లుడు ఇద్దరూ పోయారు. చందా సాహెబ్‌ను 1752లో చంపేశారు. అంబూరులో కందకం దాటిన బుస్సీ మాత్రం సలాబత్ జంగ్‌ను గద్దె మీద కూర్చోబెట్టి, తన సైన్యంతో దక్కనులోనే స్థిరపడ్డాడు. ఆ సైన్యానికి జీతాలు ఎక్కడి నుంచి ఇవ్వాలి? 1753లో సలాబత్ జంగ్ ముస్తఫానగర్, ఏలూరు, రాజమహేంద్రవరం, శ్రీకాకుళం సర్కార్లను బుస్సీకి వ్రాసి ఇచ్చాడు. అన్వరుద్దీన్ ఖాన్ ఒకప్పుడు పాలించిన ప్రాంతపు శిస్తు, ఆయనను పడగొట్టిన సైన్యానికి జీతంగా మారింది. మన నాగావళి, వంశధార ఒడ్డు రైతు పండించిన గింజ ఫ్రెంచి సిపాయి జీతమయ్యింది.

అప్పుడైనా మనవాళ్లు ఒక్కటయ్యారా? లేదు. శ్రీకాకుళం ఫౌజ్దారు జాఫర్ అలీ ఖాన్ ఫ్రెంచివారిని అడ్డుకోవడానికి మరాఠాలను పిలిచాడు. వారు వచ్చి ఊళ్లు దోచుకుపోయారు. విజయనగరం విజయరామరాజు పొరుగున ఉన్న బొబ్బిలి మీద పగతో బుస్సీ సాయం తీసుకున్నాడు. 1757 జనవరి 24న బొబ్బిలి కోట నేలమట్టమయ్యింది. ఆ తర్వాత కొద్ది రోజులకే విజయరామరాజు తాండ్ర పాపారాయుడి చేతిలో మరణించాడు. ఆయన వారసుడు ఆనందరాజు ఫ్రెంచివారి మీద కోపంతో ఇంగ్లీషువారిని బెంగాల్ నుంచి పిలిపించాడు. 1758 డిసెంబరులో చందుర్తి దగ్గర కర్నల్ ఫోర్డ్ ఫ్రెంచివారిని ఓడించాడు. 1759 ఏప్రిల్‌లో మచిలీపట్నం పడిపోయింది. 1766లో నిజాం ఈ సర్కార్లను కంపెనీకి ఇస్తూ ఒప్పందం చేసుకున్నాడు.

నవాబు, ఫౌజ్దారు, రాజు అనే భేదం లేదు. ముస్లిం, హిందువు అనే భేదం కూడా లేదు. ప్రతి ఒక్కరూ తమ ఇంటి తగాదాలో గెలవడానికి బయటివాడిని పిలిచారు. వచ్చినవాడు తగాదా తీర్చి వెళ్లిపోలేదు. ఇంట్లోనే ఉండిపోయాడు.

కుమారుని అప్పు

అన్వరుద్దీన్ ఖాన్ కుమారులలో మహ్‌ఫూజ్ ఖాన్ అంబూరులో బందీ అయ్యాడు. మరో కుమారుడు ముహమ్మద్ అలీ తిరుచిరాపల్లికి తప్పించుకుని ఇంగ్లీషువారి సాయంతో పోరాడి, చివరకు ఆర్కాటు నవాబయ్యాడు. వాలాజాహ్ అనే బిరుదుతో ప్రసిద్ధుడయ్యాడు. ఆయన దీనికి, విద్యకు సేవ చేశాడు. ఫరంగీ మహల్‌కు చెందిన మహా పండితుడు మౌలానా అబ్దుల్ అలీ బహ్రుల్ ఉలూమ్ ఆయన ఆహ్వానం మీదనే మద్రాసు వచ్చారు. ట్రిప్లికేన్‌లోని పెద్ద మసీదు వాలాజాహీల పేరుతోనే నేటికీ నిలిచి ఉంది.

కానీ ఆయన మెడకు ఒక ఉచ్చు పడింది. తన కోసం చేసిన యుద్ధాల ఖర్చంతా కంపెనీ ఆయన ఖాతాలో వ్రాసింది. ఆ బాకీ తీర్చడానికి ఆయన కంపెనీ ఉద్యోగుల దగ్గరే విడిగా వడ్డీకి అప్పులు తీసుకున్నాడు. నూటికి ఏడాదికి 20, 25 చొప్పున, కొన్నిసార్లు అంతకు మించి వడ్డీ. అప్పు తీర్చడానికి తాలూకాల శిస్తు తాకట్టు, ఆ తాకట్టు చాలక కొత్త అప్పు. 1763లో చెంగల్పట్టు ప్రాంతం జాగీరుగా కంపెనీకి పోయింది. పాల్ బెన్‌ఫీల్డ్ వంటి వడ్డీ వ్యాపారులు ఆ సొమ్ముతో ఇంగ్లండు పార్లమెంటులో స్థానాలు కూడా సంపాదించారు. 1785లో ఎడ్మండ్ బర్క్ ఆ పార్లమెంటులోనే ఈ అప్పుల దోపిడీ గురించి సుదీర్ఘంగా ప్రసంగించాడు. అయినా ఆగలేదు. 1795లో వాలాజాహ్ మరణించాడు. 1801లో కంపెనీ కర్ణాటక పాలనను పూర్తిగా తీసేసుకుంది. 1855లో నవాబు అనే బిరుదు కూడా రద్దయ్యింది. తండ్రి తుపాకీ గుండుకు పడిపోతే, కుమారుని రాజ్యం ఖాతా పుస్తకంలో పడిపోయింది.

ఇది ఒక్క ఆర్కాటు కథ కాదు. ఈజిప్టు పాలకుడు ఇస్మాయీల్ పాషా యూరపు బ్యాంకుల అప్పులు తీర్చలేక 1875లో సూయజ్ కాలువలో తన వాటాలను ఇంగ్లండుకు అమ్ముకున్నాడు. 1882లో ఇంగ్లీషు సైన్యం ఆ దేశంలోకే వచ్చి కూర్చుంది. ట్యునీషియా అప్పుల్లో మునిగితే 1869లో దాని ఖజానా మీద విదేశీ కమిటీ వచ్చింది. 1881లో ఫ్రాన్సు సైన్యం వచ్చింది. ముందు వడ్డీ, వెనుక సైన్యం.

కూలీలుగా వెళ్లినవారు

మరో విషయం చెప్పి ముగిస్తాము. 1746లో మద్రాసును పట్టుకున్న ఫ్రెంచి ఓడలు మారిషస్ నుంచి వచ్చాయని చెప్పుకున్నాం కదా. 1810లో ఆ దీవిని ఇంగ్లీషువారు గెలుచుకున్నారు. 1835లో అక్కడ బానిసత్వం రద్దు కాగానే చెరకు తోటలకు కూలీలు కావలసి వచ్చారు. మన తీరాంధ్ర నుంచి, విశాఖ, గంజాం ప్రాంతాల నుంచి కూడా పేదలు ఒప్పంద కూలీలుగా ఓడలెక్కారు. కోరంగి రేవు పేరు మీద అక్కడ తెలుగువారిని కొరింగీలు అనేవారు. నేటికీ వారి సంతతి అక్కడ ఉగాది జరుపుకుంటోంది. ఒకనాడు ఆ దీవి నుంచి మన మీదికి ఫిరంగులు వచ్చాయి. నూరేళ్లు తిరగకముందే మన బిడ్డలు అదే దీవికి కూలికి వెళ్లారు. పెద్దల తగాదాకు, పెద్దల అప్పుకు చివరకు వెల చెల్లించేది ఎప్పుడూ పేదవాడే.

మనం నేర్చుకోవలసింది

ప్రియ సోదర సోదరీమణులారా! మనకు రాజ్యాలు లేవు, ఏనుగులు లేవు. కానీ ఇళ్లున్నాయి. తండ్రి పోగానే అన్నదమ్ములు మాట్లాడుకోవడం మానేసిన ఇళ్లు మన చుట్టూ ఎన్ని లేవు! అక్కచెల్లెళ్ల వాటా ఎగ్గొట్టి, ఆ తగాదాను పోలీసు స్టేషను దాకా, పార్టీ నాయకుల గుమ్మం దాకా తీసుకెళ్లినవారు ఎందరు లేరు! పది మందిలో గొప్పకోసం పెళ్లికి వడ్డీ డబ్బు తెచ్చి, ఆ వడ్డీ కట్టడానికి మళ్లీ వడ్డీకి తెచ్చి, చివరకు ఇంటి కాగితాలు పరాయివాడి బీరువాలో పెట్టినవారిని మనం ఎరుగుదుము. ఈ చిన్న ఇళ్లలో జరుగుతున్నదీ, ఆనాడు ఆర్కాటులో, బొబ్బిలిలో జరిగిందీ ఒకటే.

ఈ రెండు రోగాలకూ మందు మన దగ్గరే ఉంది. వారసత్వపు వాటాలను దివ్య ఖుర్ఆన్ నిసా సూరాలో లెక్కకట్టి మరీ చెప్పింది. వడ్డీని నిషేధించింది. అప్పు తీసుకుంటే సాక్షులను పెట్టి వ్రాసుకోమని బఖరా సూరాలో వివరించింది. ఖుర్ఆన్‌లో అన్నిటికంటే పెద్ద ఆయతు ఈ అప్పు పత్రం గురించినదే కావడం యాదృచ్ఛికం కాదు. ఇంటి పెద్ద ఆరోగ్యంగా ఉండగానే బాకీలు, అమానతులు కాగితం మీద పెట్టించండి. జనాజా లేచిన ఇంట్లో ఆలస్యం చేయకుండా వాటాలు పంచండి. తగాదా వస్తే ముందు ఇరువైపుల నుంచి ఒక్కో నమ్మకస్తుణ్ణి కూర్చోబెట్టండి. చేతిలో ఎంత ఉంటే అంతలోనే నికాహ్ జరిపించండి.

శ్రీకాకుళం మసీదు ఇంకా నిలబడి ఉంది. ఫౌజ్దారులు పోయారు, ఫ్రెంచివారు పోయారు, కంపెనీ పోయింది. 1954లో యానాం కూడా ఫ్రెంచివారి చేతి నుంచి బయటపడింది. ఇక మిగిలింది మన ఇళ్లను మనం కాపాడుకోవడమే. అల్లాహ్ అన్వరుద్దీన్ ఖాన్ గారి తప్పులను మన్నించుగాక! ఆయన చూపిన ధైర్యాన్ని మనకు ప్రసాదించుగాక! మన హృదయాలను కలిపి ఉంచి, అప్పుల భారం నుంచి, అన్నదమ్ముల పగ నుంచి మన కుటుంబాలను కాపాడుగాక! ఆమీన్.